మత్తు ముఠాల నుండి గ్రామ యువజనుల రక్షణ - పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామ పంచాయతీకి గల ఆస్తులేవి యని అడిగినచో చెరువులు, బావులు, బాటలు, బంజరులు, భవనములు రిజిస్టరులో చూపబడును. ఏ రిజిస్టరునకును ఎక్కని ఆస్తి మరియొకటి కలదు. అది గ్రామములోని యువజనులు. చెరువుకట్టకు గండి పడినదని తెలిసినచో ఊరంతయు పలుగులు, పారలు పట్టుకొని పరుగెత్తును. ఒక పిల్లవాని బ్రతుకునకు గండి పడినదని తెలిసినప్పుడు మాత్రము "అది వారి ఇంటి విషయము, మనకేల?" అని తలుపులు మూసికొందుము. ఈ రెండవ గండి కూడ ఊరుమ్మడి గండియే. దానిని పూడ్చుటకు పంచాయతీ ఏమి చేయగలదో, చట్టము ఏమి చేయుమనుచున్నదో ఈ పాఠమున తెలిసికొందము.

గంజాయి ఊరికి వచ్చిన దారి

ఒకప్పుడు గ్రామమున మత్తు అనగా కల్లు, సారాయి మాత్రమే. నేడు గంజాయి పొట్లము కళాశాల బస్సులోను, మోటారు సైకిలు పెట్టెలోను ప్రయాణము చేసి గ్రామమునకు చేరుచున్నది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండలలో దీనిని దొంగచాటుగా సాగుచేయుట చాల కాలముగా జరిగినది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ "ఆపరేషన్ పరివర్తన" అను పేరుతో మన్యములో వేల ఎకరముల గంజాయి తోటలను నరికివేసినది. 2024లో మాదకద్రవ్యముల అదుపునకై "ఈగల్" అను ప్రత్యేక దళమును ఆ రాష్ట్ర ప్రభుత్వము ఏర్పరచినది. తెలంగాణలో ఇదే పనికై ఏర్పడిన విభాగము 2025 నుండి అదే పేరుతో పనిచేయుచున్నది. ఐనను తోట నరికినంత మాత్రమున వ్యాపారము నశింపదు. కొనువారున్నంత కాలము తెచ్చువారుందురు. ఆ కొనువారిని తయారుచేయు స్థలము కొండ కాదు. మన ఊరి పొలిమేరలోని పాడుబడిన గది, చెరువుగట్టు, పాఠశాల వెనుక గోడ.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము మన దేశమున సుమారు 3 కోట్ల 10 లక్షల మంది అంతకు ముందటి ఏడాదిలో గంజాయి, భంగు మొదలగువానిని వాడిరి. ఆ సర్వేలోనే మరియొక విషయము గలదు. జిగురు, వైట్‌నరు, పెట్రోలు వంటి వానిని పీల్చు అలవాటు పెద్దలలో నూటికి 0.58 వంతున ఉండగా, పిల్లలలో 1.17 వంతున ఉన్నది. అనగా ఈ ఒక్క మత్తులో పిల్లలు పెద్దలను మించిరి. అవి కిరాణా కొట్టులోను, పుస్తకముల దుకాణములోను దొరకు వస్తువులు కావుననే ఈ దుస్థితి కలిగినది.

"గంజాయి ఆకే గదా, సాధువులు త్రాగుట లేదా?" అని తేలికగా మాట్లాడువారు కలరు. మనుష్యుని మెదడు ఇరువదియైదేండ్ల వయస్సు వచ్చువరకు ఎదుగుచునే యుండును. ఆ ఎదుగుదల కాలమున గంజాయి పొగ జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీయును. కొందరిలో లేనిపోని అనుమానములు, భ్రమలతో గూడిన మానసిక వ్యాధికి దారితీయును. ఎంత చిన్న వయస్సున మొదలిడిన, అలవాటు అంత గట్టిగా పట్టుకొనును. ఇక పీల్చు మత్తులలో మొదటిసారియే గుండె ఆగి మరణించు ప్రమాదము కలదు.

ముఠా పిల్లవానికి ఇచ్చునదేమి?

ఒక గ్రామమును ఊహింతము. అందు పదునెనిమిదేండ్ల యువకుడొకడు ఇంటరు పరీక్ష తప్పినాడు. తండ్రి కోపముతో మాటలాడుట మానివేసినాడు. తోటివారు పట్నమున చదువులకు పోయిరి. పగలు ఎట్లో గడచును. సాయంకాలము మాత్రము గడవదు. చెరువుగట్టున నలుగురు పెద్ద కుర్రవాండ్రు కూర్చుందురు. వారు వీనిని "రారా తమ్ముడూ" అని పిలిచిరి. పరీక్ష సంగతి అడుగలేదు. మొదటి పొట్లమునకు డబ్బు పుచ్చుకొనలేదు. నెల తిరుగునప్పటికి వాడు వారిలో ఒకడైనాడు. మూడవ నెలలో ఒకడు ఒక సంచి చేతికిచ్చి, "దీనిని ఫలానా ఊరి బస్‌స్టాండులో దింపి రా, ఖర్చులకు అయిదువేలు" అన్నాడు.

ఈ గ్రామము కల్పితమే గాని ఈ వరుస కల్పితము కాదు. ముఠా పిల్లవానికి మూడు వస్తువుల నిచ్చును. ఒకటి స్నేహము, రెండవది ఒక గుర్తింపు, మూడవది చేతి ఖర్చు. ఈ మూడును కోరుట వయోధర్మము, దోషము కాదు. వానిని ఊరు ఇయ్యనిచోట ముఠా ఇచ్చును. కావున పిల్లవానిని తిట్టుటకు ముందు, "వాని సాయంకాలము ఎవరి చేతిలో నున్నది?" అని ప్రశ్నించుకొనవలెను.

ఆ సంచి బరువు ఎంతటిదో పిల్లవానికి తెలియదు, చట్టమునకు తెలియును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద గంజాయి ఒక కిలో వరకు చిన్న పరిమాణము. దానికి ఒక ఏడాది వరకు శిక్ష. ఒక కిలో దాటి ఇరువది కిలోల లోపున్నచో పదేండ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జుల్మానా. ఇరువది కిలోలు మించినచో పదేండ్లకు తక్కువ గాని శిక్ష. అది ఇరువదేండ్ల వరకు పోవచ్చును. అట్టి కేసులలో జామీను దొరకుట కూడ మిక్కిలి కష్టము. న్యాయస్థానము సంచిని తూచును గాని, మోసినవానికి ముట్టిన కూలిని తూచదు. సంచి సొంతదారు ఎక్కడనో యుండును. జైలునకు పోవువాడు మన ఊరి కుర్రవాడు. ఈ ఒక్క మాట ప్రతి యువకునికి తెలియజేసినను పంచాయతీ గొప్ప మేలు చేసినదగును.

దూబగుంట నేర్పిన పాఠము

ఊరు తలచుకొన్నచో మత్తును ఎదిరింపగలదనుటకు దృష్టాంతము మన తెలుగు నేలమీదనే కలదు. 1990వ దశకము తొలి సంవత్సరములలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రి బడులలో స్త్రీలు చదివిన పాఠములలో, ఊరి ఆడువారు ఏకమై సారాయి దుకాణమును మూయించిన ఒక కథ యుండెను. దూబగుంట గ్రామ స్త్రీలు ఆ కథను చదివి, "ఇది మన కథయే గదా" యని చర్చించుకొని, తమ ఊరికి వచ్చు సారాయిని అడ్డగించిరి. వారిలో రోశమ్మ పేరు రాష్ట్రమంతట ప్రసిద్ధమైనది. ఆ నిప్పురవ్వ ఊరినుండి ఊరికి ప్రాకి, స్త్రీలు సారాయి వేలముపాటలను ఆపించు వరకు సాగినది. 1993 అక్టోబరులో రాష్ట్రమున సారాయి నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. అది 1997లో సడలింపబడినది.

ఈ చరిత్రలో మనము గ్రహింపవలసినవి రెండు. ఉద్యమము ఉపన్యాసముతో గాక చర్చతో ప్రారంభమైనది. ఎవరో వచ్చి బోధింపలేదు, తమ బాధను తామే చదువుకొనిరి. ఇది మొదటిది. ప్రభుత్వపు ఉత్తర్వును ప్రభుత్వము మార్చగలదు. ఊరు తనకు తాను పెట్టుకొన్న కట్టుబాటును ఊరు మాత్రమే మార్చగలదు. ఇది రెండవది. కావున చట్టము ఎంత కఠినమైనను ఊరి కట్టుబాటు లేనిది నిలువదు.

సాయంకాలమును కాపాడిన దేశము

ఐతే సారాయి దుకాణము కంటికి కనబడునది. దానికి తాళము వేయవచ్చును. గంజాయికి దుకాణము లేదు, వేలముపాట లేదు. కావున సరఫరాను అడ్డగించుటతో పని ముగియదు. పిల్లల తీరిక కాలమును కూడ కాపాడవలెను. ఈ పనిని పట్టుదలతో చేసి ఫలితము చూపిన చిన్న దేశము ఐస్లాండు. ఐరోపా ఖండమునకు వాయవ్యమున సముద్ర మధ్యమున నున్న ఈ దేశపు జనాభా మన జిల్లా యొక్కదాని జనాభాకంటె తక్కువ. 1998లో అచ్చట 15, 16 ఏండ్ల పిల్లలలో నూటికి 42 మంది, గడచిన నెలలో త్రాగి మత్తెక్కితిమని సర్వేలో చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగినది. గంజాయి రుచిచూచిన వారు నూటికి 17 నుండి 7కు, ప్రతిదినము సిగరెట్టు కాల్చువారు 23 నుండి 3కు తగ్గిరి.

వారు చేసినదేమి? "మత్తు చెడ్డది" అను బోధలపై ఆధారపడుట మానిరి. ఏటేట పాఠశాలలలో పేర్లు లేని ప్రశ్నపత్రములతో పిల్లల స్థితిని తెలిసికొని, ఆ ఫలితములను ఆయా ఊళ్ళ వారికే చూపిరి. ఆటలు, సంగీతము, కళలు మొదలగు వానికి పిల్లలను చేర్చుటకు పురపాలక సంఘములు తల్లిదండ్రులకు ధనసహాయము చేసినవి. రాత్రి ఒక వేళ దాటిన పిదప పిల్లలు ఒంటరిగా బయట తిరుగరాదను నియమమును తల్లిదండ్రులే వీధులలో నడచి అమలుజరిపిరి. వారి ధనము మనకు లేకపోవచ్చును. కాని నడచుటకు కాళ్ళు, ఆడుటకు మైదానము, మాటలాడుటకు రచ్చబండ మనకును కలవు.

చట్టము పంచాయతీకి అప్పగించిన బాధ్యత

ఇక మిక్కిలి సున్నితమైన విషయమునకు వత్తము. ఊరిలో ఇట్టి సంగతి బయటపడినప్పుడు పెద్దలకు తోచు మొదటి ఆలోచన దాచుట. "ఊరి పరువు పోవును, పిల్లలకు సంబంధములు కుదురవు, మన వాడే గదా" అని సర్దుకొందురు. ఈ దాపరికము పిల్లవానిని కాపాడదు. వానికి సరుకు ఇచ్చువానిని కాపాడును.

మాదకద్రవ్యముల చట్టము 47వ సెక్షను ప్రకారము, ఏదేని భూమిలో గంజాయి అక్రమముగా సాగగుచున్నదని తెలిసినంతనే పోలీసులకు గాని తత్సంబంధమైన అధికారులకు గాని తెలియజేయుట సర్పంచి యొక్కయు, పంచాయతీ సభ్యుల యొక్కయు విధి. తెలిసియు ఉపేక్షించినచో వారును శిక్షార్హులగుదురు. 46వ సెక్షను ఇదే విధిని భూమి గలవానిపై మోపినది. అట్టి సాగు చేసినవానికి పదేండ్ల వరకు కఠిన శిక్ష కలదు. సమాచారము ఎవరి వలన తెలిసినదో చెప్పుమని అధికారిని బలవంతపెట్టరాదని 68వ సెక్షను రక్షణ కల్పించినది.

పిల్లల విషయమున 2015 నాటి బాలల న్యాయ చట్టము మరింత స్పష్టముగా నున్నది. పదునెనిమిదేండ్ల లోపు వారికి మత్తు పదార్థమును గాని పొగాకును గాని ఇచ్చిన వారికి, వారిచే మత్తు సరుకును మోయించిన వారికి ఏడేండ్ల వరకు కఠిన శిక్ష కలదు. పెద్దలు ముఠాగా చేరి పిల్లలను అక్రమ కార్యములకు వినియోగించిన కూడ శిక్ష అంతటిదే. దానిపై అయిదు లక్షల జుల్మానా. 2003 నాటి చట్టము ననుసరించి విద్యాలయమునకు నూరు గజముల లోపున పొగాకు వస్తువులు అమ్మరాదు. బీడీ, సిగరెట్టు దొరకు చోటనే గంజాయి చుట్టుటకు వలసిన కాగితము కూడ దొరకునని మరువరాదు.

అమ్మువాని యెడల ఇంత కఠినమైన చట్టమే, అలవాటునకు లోనై మానదలచిన వాని యెడల దయ చూపినది. 64ఎ సెక్షను ప్రకారము, వాడుక నేరమునకు గాని చిన్న పరిమాణమునకు గాని గురియైన వ్యసనపరుడు, ప్రభుత్వము నడపు లేక గుర్తించిన వైద్యాలయమున స్వయముగా చికిత్స కోరి దానిని పూర్తిచేసినచో, ఆ నేరమునకు ప్రాసిక్యూషను నుండి రక్షణ పొందును. నడుమ మానినచో ఆ రక్షణ తొలగవచ్చును. ఇందలి వివేకమును పంచాయతీ గ్రహింపవలెను. అమ్మువానిని గూర్చి పోలీసు ఠాణాకు, వాడువానిని గూర్చి వైద్యునికి తెలుపుట మన ధర్మము. ఈ రెండింటిని తారుమారు చేసినచో ఊరు నష్టపడును.

పంచాయతీ చేపట్టదగిన పనులు

1. గ్రామసభలో చర్చ. అంతర్జాతీయ మాదకద్రవ్య వ్యతిరేక దినమైన జూన్ 26న గాని, మరియొక దినమున గాని ఈ విషయమును సభ ముందుంచవలెను. పేర్లెత్తి ఎవరిని నిందింపరాదు. ఊరిలో చీకటి మూలలేవి, పిల్లలు సాయంకాలము ఎక్కడ చేరుచున్నారు, పాఠశాల మానిన వారెందరు అను మూడు ప్రశ్నలకు సభ సమాధానము వెదకవలెను.

2. వెలుతురు, శుభ్రత. పాడుబడిన భవనములకు తలుపులు వేయించి, చెరువుగట్టుకును పాఠశాల వెనుక దారికిని వీధిదీపములు పెట్టించుట పంచాయతీకి సాధారణమైన పనియే. చీకటి తొలగినచోట ముఠా నిలువదు.

3. మైదానము, గ్రంథాలయము. ప్రధానోపాధ్యాయునితో మాటలాడి పాఠశాల మైదానమును సాయంకాలము తెరపించవలెను. వాలీబాలు వలకు, బంతికి అగు ఖర్చు స్వల్పము. కబడ్డీ, కోలాటము, చెక్కభజన మనకు తెలిసిన విద్యలే. బాలికలకు కూడ వేళ, స్థలము కేటాయింపవలెను. గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యములు రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందదగిన విషయములుగా చేర్చబడినవే. ఆటకు ఒక పెద్ద మనిషి బాధ్యత వహింపవలెను. పెద్ద దిక్కు లేని ఆటస్థలము మరియొక అడ్డాగా మారును.

4. చదువు మానిన వారి జాబితా. పరీక్ష తప్పినవారు, బడి మానినవారు, పనిలేనివారు ఎవరో వార్డు సభ్యునికి తెలిసియుండవలెను. ఫలితములు వెలువడిన వారము రోజులలో ఆ ఇంటికి పోయి, మరల పరీక్ష వ్రాయుటకో, ఐ.టి.ఐ.లో గాని నైపుణ్య శిక్షణ కేంద్రమున గాని చేరుటకో దారి చూపవలెను. ముఠా కన్న ముందు పంచాయతీ ఆ గడప త్రొక్కవలెను.

5. తల్లుల సంఘములు. పొదుపు సంఘముల స్త్రీలకు ఊరిలోని ప్రతి ఇంటి సంగతి తెలియును. ఆశా, అంగన్‌వాడి కార్యకర్తలతో కలిసి వారు నెలకొకసారి చర్చించుకొనుటకు పంచాయతీ భవనమును ఇయ్యవలెను. దూబగుంటలో మొదటి అడుగు వారిదే యని జ్ఞాపకముంచుకొనవలెను.

6. దుకాణదారులతో ఒప్పందము. పిల్లలకు పొగాకు, జిగురు, వైట్‌నరు కారణము లేక అమ్మమని వారిచే గ్రామసభలో మాట ఇప్పింపవలెను.

7. ఫోను నంబరులు గోడపై వ్రాయించుట. చికిత్స సలహాకు 14446. మత్తు సరుకు సమాచారమునకు దేశమంతటికి 1933, ఆంధ్రప్రదేశమున 1972, తెలంగాణమున 1908. ఆపదలోని పిల్లలకు 1098.

ఇట్టి పనులలో పంచాయతీ చేయరానివి కూడ కలవు. ఇండ్లలో సోదాలు చేయుట, పిల్లలను కట్టివేసి కొట్టుట, గుండు గీయించుట, జుల్మానాలు వేయుట, కుటుంబమును వెలివేయుట ఊరికి అధికారము లేని పనులు, నేరములు. మానసిక రోగులను గొలుసులతో కట్టుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

తిరిగి వచ్చువానికి దారి

కన్నులు ఎర్రబారుట, పగటినిద్ర, పాత స్నేహితులను విడుచుట, చేతికి లెక్కచెప్పలేని డబ్బు వచ్చుట, ఇంటిలో వస్తువులు మాయమగుట హెచ్చరికలు. వీనిలో ఏ ఒక్కటియు రుజువు కాదు. పరీక్ష భయము వలన, మనస్తాపము వలన కూడ ఇట్లు జరుగవచ్చును. కావున మొదట అనుమానింపక, పిల్లవానికి ఇష్టుడైన మేనమామయో, ఉపాధ్యాయుడో ఏకాంతమున కూర్చుండబెట్టుకొని నిదానముగా మాటలాడవలెను. అడుగుటకంటె వినుట ఎక్కువగా నుండవలెను.

అలవాటు ముదిరినదని తెలిసినచో ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యుని గాని వ్యసన విముక్తి కేంద్రమును గాని చేరవలెను. గంజాయి మానిన తొలి దినములలో నిద్రపట్టకపోవుట, చిరాకు, ఆకలి మందగించుట సహజము. ఇవి క్రమముగా తగ్గును. చికిత్స పొంది వచ్చిన తరువాత మరల ఒకసారి జారుట కూడ కలదు. అది వైద్యము వమ్మైనదనుటకు గుర్తు కాదు. మరల వైద్యుని చూడవలెననుటకు గుర్తు.

అసలు పరీక్ష వాడు ఊరికి తిరిగి వచ్చిన దినమున ప్రారంభమగును. రచ్చబండ మీది మాటలు వానిని పొడిచినచో, పనికి పిలుచువారు లేకున్నచో, వానిని ఆదరించు చోటు చెరువుగట్టు ఒక్కటే. చెరువుగట్టు వానిని మరచిపోదు. కావున వానికి ఒక పని, ఒక స్నేహితుడు, ఒక పిలుపు ఊరు సిద్ధముగా నుంచవలెను. ముఠా "రారా తమ్ముడూ" అని పిలిచినప్పుడు ఊరు మౌనముగా నున్నది. ఈ మారు ఊరే ముందుగా పిలువవలెను.

మత్తు పానీయముల, మాదకద్రవ్యముల వాడుకను ఔషధావసరములకు మాత్రమే పరిమితము చేయుటకు రాజ్యము యత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణమున ఆదేశించినది. ఆ రాజ్యమునకు ఊరిలోని ముఖము పంచాయతీయే. చెరువుకట్ట తెగిన తరువాత వేయు మట్టి కంటె, తెగకముందు వేసిన తట్టెడు మట్టి విలువైనది. ఆ తట్టెడు మట్టి ఈ సాయంకాలమే వేయుదము.

పంచాయతీ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున చీకటి పడిన పిదప యువకులు చేరు చోట్లేవి? వానిలో దీపము లేనివెన్ని?

2. ఈ సంవత్సరము పరీక్ష తప్పినవారు, చదువు మానినవారు మన వార్డులలో ఎందరు? వారి ఇంటికి మనలో ఎవరు పోయిరి?

3. పాఠశాల మైదానము సాయంకాలము ఎందులకు మూసియుంచబడుచున్నది? దానిని తెరచుటకు ఎవరు బాధ్యత వహింతురు?

4. చికిత్స పొంది తిరిగి వచ్చిన యువకునికి మొదటి నెలలో మన గ్రామము ఏ పని చూపగలదు?

5. గంజాయి సాగు విషయము తెలిసినప్పుడు సభ్యునిగా మన విధి ఏమి? దానిని నెరవేర్చుటకు మనకు అడ్డువచ్చు భయములేవి?